డెబ్బై ఒకటో బల్ల

ఆ ఎండాకాలం మా ఊళ్లో బళ్లను కొలిచారు. గదులు, బల్లలు, కొళాయిలు, తలుపులు, పిల్లల తలకాయలు, అన్నీ. కొలత పూర్తయ్యేసరికి ఒకాయనకి మూడు వేళ్లు పోయాయి, ఒకాయనకి చెవి పోయింది, మా ఇంట్లో మంచానికి కాళ్లు పోయాయి.

ఊరికి రెండు సర్కారు హైస్కూళ్లు. ఒకటి గుట్ట మీద, ఒకటి కాలవ పక్కన. పిల్లలు తగ్గిపోయారు, ఇకమీదట ఒకటే ఉంటుందని పైనుంచి కాగితం వచ్చింది. ఏది ఉండాలో తేల్చడానికి మే ఇరవై ఎనిమిదిన ఒక అధికారి వచ్చి, ఒకే రోజున రెండు బళ్లనూ లెక్కపెడతాడు. ముగ్గురు పిల్లలకి ఒక బల్ల చొప్పున ఉండాలి, మరుగుదొడ్లకి తలుపులుండాలి, కొళాయిల్లో నీళ్లు రావాలి. ఏ బడికి అన్నీ సరిపోతే ఆ బడి ఉంటుంది. రెండింటికీ సరిపోయినా, రెండింటికీ తగ్గినా అప్పుడు పదో తరగతి ఫలితాలు చూస్తారు. ఫలితాల్లో గుట్ట బడిదే పైచేయి. ఆ మాట మేమూ కాదనలేం.

కాగితం చివర ఒక వాక్యం ఉంది. "విరిగినదీ, ఊగేదీ, తెరిచి మూయరానిదీ లెక్కలోకి రాదు." ఆ వాక్యం రాసినాయన ఏ ఫ్యాను కింద కూర్చుని రాశాడో గానీ, మా ఊరికి దాని అర్థం ఒక్క రోజులో బోధపడింది. మన బడిని బాగుచేసుకోవాలంటే నెలలు పడుతుంది. అవతలి బడిని విరగ్గొట్టడానికి ఒక పూట చాలు.

నాది కాలవ బడి. తొమ్మిది పూర్తయి పదికి వచ్చాను. గుట్ట బడికి పోవాలంటే క్వారీ లారీల రోడ్డు మీద మూడు మైళ్లు నడవాలి. పోయిన ఏడు ఆ రోడ్డు మీద ఒక పిల్లని లారీ ఈడ్చుకుపోయింది. చెప్పులు రెండు చోట్ల దొరికాయి. అందుకని అమ్మ ముందే తేల్చేసింది.

"కాలవ బడి ఉంటే చదువు. పోతే కుట్టుమిషను. ఆ రోడ్డు మీదికి మాత్రం నిన్ను పంపను. ఏడ్చినా అంతే, నవ్వినా అంతే."

అమ్మ ఒకసారి అంతే అన్నదంటే ఆ మాటకి గడియ పెట్టేసినట్టే.

నాన్న వడ్రంగి. రెండు బళ్ల బల్లలూ ఆయన చేతివే. ఇనప మేకు వాడడు. కాలి పైకొసని చదరంగా చెక్కి, బల్లలో కన్నం తొలిచి, అందులో దింపి, పక్కనుంచి ఒక కొయ్య చీల కొడతాడు. చీల మీద అటువైపు నుంచి ఒక్క దెబ్బ వేస్తే కాలు ఊడి చేతికి వస్తుంది. "మేకు కొట్టడమంటే చెక్కకి పుండు చెయ్యడం" అనేవాడు. "చీలైతే, రేపు ఎవడన్నా కాలు విరగ్గొట్టినా కాలొక్కటే మార్చొచ్చు. బల్ల బతుకుతుంది." ఆ మాట మా అన్న చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాడు. అదే కొంప ముంచింది.

మామయ్య, అమ్మకి తమ్ముడు, గుట్ట బడిలో అటెండరు. గంట కొట్టేది ఆయనే. ఆయన కూతురు నాకంటే మూడు నెలలు పెద్దది. మూడు నెలలకే వదిన అయిపోయి పెత్తనం చేసేది. కాగితం వచ్చిన కొత్తలో మా గుమ్మం మీద కూర్చుని ఇద్దరం బళ్లను మా లెక్కన మేం కొలిచాం.

"మా బడికి ప్రహరీ ఉంది" అంది వదిన.

"జైలుకీ ఉంటుంది."

"మాకు మైక్రోస్కోపు ఉంది."

"దాంట్లో చూస్తే గానీ మీ సైన్సు టీచరు కనపడడట గదా, ఆర్నెల్లుగా."

"మీ మరుగుదొడ్డి గడియ ఊడిపోయింది."

"గడియే ఊడింది. మీకు తలుపే లేదు. నువ్వు బయట కాపలా ఉంటే గానీ నీ స్నేహితురాలు లోపలికి పోదు."

పక్కనే కూర్చున్న మామయ్య నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "రెండూ కలిపితే సరిగ్గా ఒక బడి అవుతుందే. అందులోంచి ఒకటి తీసేస్తామంటున్నారు ఈ మహానుభావులు. మిగిలేది ఎంతో చెప్పు, లెక్కల్లో గట్టిదానివి కదా."

ఇలా నవ్వుకున్నది అదే ఆఖరు.

మొదట మా కొళాయిలు విరిగాయి. ఎవరో రాయి పెట్టి నలగ్గొట్టారు. మర్నాడు గుట్ట బడి నీళ్ల ట్యాంకులో డీజిలు తేలింది. తర్వాత బస్టాండులో రెండు వైపుల వాళ్లూ కలబడి ఒకడి చెవి తమ్మె ఇంకొకడి పళ్లకి వచ్చింది. అంతవరకూ జనం కథలుగా చెప్పుకుని నవ్వారు. పద్దెనిమిదో తారీఖున నవ్వు ఆగిపోయింది.

ఆ రోజు పొద్దున వేసవి తరగతికి ఆరుగురం ఆడపిల్లలం వచ్చాం. లెక్కల సారు బోర్డు మీద వృత్తం గీస్తున్నారు. ఆయన వట్టి చేత్తో గీస్తే కంపాసు పెట్టినట్టే వచ్చేది. మా అన్న పదో తరగతి రెండుసార్లు తప్పితే, మూడోసారి తన ఇంట్లో కూర్చోబెట్టుకుని చదివించి గట్టెక్కించింది ఈ సారే. వృత్తం సగంలో ఉండగా బయట ట్రాక్టరు ఆగింది. గుట్ట వైపు మనుషులు పదిమంది, చేతుల్లో గునపాలు. మరుగుదొడ్ల తలుపులు పీకడానికి వచ్చారు.

సారు వెళ్లి మొదటి తలుపు దగ్గర నిలబడి గుమ్మం కమ్మీ పట్టుకున్నారు.

"ఏ బడి ఉన్నా రేపు మీ పిల్లలూ వాడుకునేదే కదయ్యా ఇది" అన్నారు.

"చెయ్యి తియ్యండి సార్."

"తియ్యను."

"తియ్యనంటున్నాడు రా" అన్నాడొకడు వెనక్కి తిరిగి, కూరగాయల బేరం మాట్లాడినట్టు. రెండోవాడు తలుపుకి భుజం ఆనించి మూసేశాడు. సారు మూడు వేళ్లు మధ్యలో నలిగి, ఎండుపుల్లలు తొక్కిన చప్పుడు వచ్చింది. సారు అరవలేదు. ముఖం సుద్దలా అయింది. "అమ్మాయిలూ, లోపలికి పోండి" అన్నారు మామూలు గొంతుతోనే. వాడు తలుపు తెరిచాడు, సారు చెయ్యి జారి కిందపడింది, ఆ తలుపుని కూడా పీకి ట్రాక్టర్లో వేసుకున్నారు. నేను బోర్డు వైపు చూశాను. సగం వృత్తం అలాగే ఉంది.

విరిగిన కొళాయిల బదులు చందాలేసుకుని కొత్తవి బిగించారు, తలుపులు నాన్న ఐదు రోజుల్లో మళ్లీ చేశాడు. తన దగ్గరున్న చెక్కంతా వాటికే అయిపోయింది. గొడవలకి భయపడి సామిల్లువాడు గేటుకి తాళం వేసుకున్నాడు.

ఆ గునపాలు గుట్ట బడి స్టోరు గదిలోవి. తాళంచెవి మామయ్య దగ్గర ఉంటుంది. తలుపులు పీకిన రోజు సాయంత్రం మామయ్యే మా ఇంటికి వచ్చాడు. గడపలో కాలు పెట్టాడో లేదో అన్న ఆయన కాలరు పట్టుకున్నాడు.

"గునపాలు నువ్వే ఇచ్చావా?"

"మొక్కలకి గుంతలు తియ్యాలన్నార్రా."

"మే నెలలో మొక్కలా? నువ్వు నమ్మావా?"

"నమ్మలేదు" అన్నాడు మామయ్య. "ఆ బడి పోతే నా ఉద్యోగం పోతుందిరా. నమ్మినట్టు నటించాను."

అన్న కాలరు బిగించి ఆయన్ని గోడకి కొట్టాడు. తల గోడకి తగిలిన చప్పుడుకి అమ్మ లోపల్నుంచి వచ్చింది. నాన్న అన్నని చెంప మీద ఒక్కటి వేశాడు. అన్న పెదవి చిట్లింది. నాన్న చెయ్యి మళ్లీ లేచింది.

"వదిలెయ్యి బావా" అన్నాడు మామయ్య మెడ తడుముకుంటూ. "వాడిలో తప్పు లేదు."

ఇరవై ఆరో తారీఖు మధ్యాహ్నం అన్న అన్నానికి రాలేదు. అమ్మ నన్ను వెతకమంది. బడి చివరి గదిలో దొరికాడు. వాడి స్నేహితుడొకడు సోడా కొట్టు నడుపుతాడు, వాణ్ణి అందరూ సోడా అనే పిలుస్తారు, వాడూ ఇంకో పాతికమంది ఉన్నారు. ఆరు బల్లలు తిరగేసి ఉన్నాయి. అన్న ఒక్కో చీల మీద ఒక్కో దెబ్బ వేస్తున్నాడు, కాలు ఊడుతోంది, ఒకడు అందుకుంటున్నాడు. మంచి టేకు, మూరన్నర పొడవు, చేతిలో ఇమిడే మందం.

"మన బల్లలే విరగ్గొడుతున్నావా?" అన్నాను.

"విరగ్గొట్టడం కాదే, ఊడదీస్తున్నా. గుట్ట మీద పని అయ్యాక తెచ్చి బిగించేస్తా. కర్రలు కొనడానికి పోతే పోలీసులకి తెలిసిపోతుంది, బల్ల కాలైతే ఎవడికీ అనుమానం రాదు. ఇదిగో, ఈ చీలలు దాచు. ఇవి పోతే మళ్లీ చెక్కాలి."

"మీ అన్నది ఇంజనీరు బుర్ర" అన్నాడు సోడా.

ఇరవై నాలుగు చీలలు నా దోసిట్లో పోశాడు. ఇంకా వెచ్చగా ఉన్నాయి. నేను అరవొచ్చు. నాన్న రెండు వీధుల అవతలే ఉన్నాడు. నాకు లెక్కల సారు వేళ్లు గుర్తొచ్చాయి. కుట్టుమిషనూ గుర్తొచ్చింది. చీలలు ఓణీ కొంగులో మూటగట్టుకుని ఇంటికి వచ్చి, అన్న కనపడలేదని అమ్మతో చెప్పాను.

గంట తర్వాత గుట్ట మీద బడి గంట మోగింది. ఎండాకాలం సెలవుల్లో, మిట్టమధ్యాహ్నం. ఆగకుండా మోగింది. అమ్మ చేతిలో పని ఆపింది. "వీడికేం వచ్చింది, ఇప్పుడు కొడుతున్నాడు" అంది. అది సాయానికి కొడుతున్న గంట అని ఊరికి అర్థమయ్యే లోపల ఆగిపోయింది. ఒక దెబ్బ సగంలో ఆగినట్టు ఆగింది.

వదిన పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. "అత్తయ్యా, నాన్న దవడ వేలాడుతోంది" అంది. అంతే అంది. నా వైపు చూడలేదు.

ఆస్పత్రిలో దవడకి తీగలు చుట్టారు. ఎడమ చెవి ఇక పనిచెయ్యదన్నారు. పడిన దెబ్బలు రెండే, రెండూ తల మీదే, ఒకే వైపు. మాట్లాడలేడు కాబట్టి ఎస్సై కాగితం ఇచ్చి రాయమన్నాడు. మామయ్య అమ్మ ముఖంలోకి చూస్తూ రాశాడు. "ముఖాలకి గుడ్డలు. ఎవర్నీ పోల్చలేదు."

మర్నాడు పొద్దున నాన్న రంపపు పొట్టు కుప్ప కదిలిస్తే అడుగున ఒక బల్ల కాలు దొరికింది. ఒక కొస గోధుమరంగు తిరిగి ఉంది. దానికి రెండు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, తన పని తాను చూసుకున్నట్టు. తర్వాత అన్నని పిలిచాడు.

"ఏ చేత్తో?"

"నాన్నా, ఆయన గంట ఆపలేదు. ఆపు మామయ్యా అన్నాను. మూడుసార్లు అన్నాను."

"ఏ చేత్తో అని అడిగాను."

అన్న కుడి చెయ్యి చూపించాడు.

"పని బల్ల మీద పెట్టు."

పెట్టాడు. ఇన్నేళ్లయినా నాకు కొరుకుడు పడనిది అదే. ఇరవై ఏళ్ల మనిషి, నాన్న కంటే జానెడు పొడుగు. తలుపు తీసే ఉంది. పారిపోలేదు, బతిమాలలేదు. వేళ్లు చాపి, రంపపు పొట్టు ఊది, చెయ్యి పెట్టాడు. నాన్న కొయ్య సుత్తి ఎత్తాడు. ఒక్క దెబ్బ. మళ్లీ ఎత్తలేదు. అన్న మోకాళ్ల మీద పడి పొట్టులో నుదురు ఆనించి, నోరు మూసుకుని, ముక్కుతో ఏదో చప్పుడు చేశాడు. నాన్న సుత్తి మేకుకి తగిలించి బయటికి వెళ్లి వాంతి చేసుకున్నాడు.

అమ్మ వచ్చింది. అన్న చెయ్యి చూసింది, బల్ల కాలు చూసింది, ఆ తెల్ల వెంట్రుక చూసింది. రెండు బద్దలు పెట్టి అన్న చేతికి కట్టు కట్టింది. కాలు తీసుకెళ్లి పొయ్యి పక్కన వంటచెరుకులో పెట్టింది.

అంతలో మా బడి పెద్ద సారు చెమటలు కారుతూ వచ్చాడు.

"మేస్త్రీ, ఆరు బల్లలకి కాళ్లు లేవు. రేపు పదకొండింటికి లెక్క. మన పిల్లలు రెండు వందల పదమూడు మంది, డెబ్బై ఒక్క బల్ల కావాలి, డెబ్బై ఒకటే ఉన్నాయి. ఒక్కటి తగ్గినా మనం కూడా ఫలితాల్లోకి పోతాం. పోతే పోయినట్టే."

"కాళ్లు ఎవరు పట్టుకుపోయారు?" అన్నాడు నాన్న.

పెద్ద సారు అన్న చేతి కట్టు వైపు చూసి, చూపు నేల మీదికి దించుకున్నాడు. "అది అడక్కు. వచ్చినవి వచ్చాయి."

గోతుల్లోంచి, కాలవ గట్టు మీంచి, సోడా కొట్టు వెనక నుంచి పదిహేను కాళ్లు తిరిగొచ్చాయి. తొమ్మిది తక్కువ. నేను కొంగుమూట విప్పి చీలలు నాన్న ముందు పెట్టాను. ఆయన వాటిని చూశాడు, నన్ను చూశాడు. సుత్తి వైపు చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు. "లెక్క సరిపోయిందా?" అన్నాడు.

"ఇరవై నాలుగు."

"నీ ఒక్కదాని దగ్గరే సరిపోయింది" అన్నాడు. ఆ మాట కంటే సుత్తి దెబ్బే నయం.

మంచం కాళ్లు నాలుగూ ఊడదీసి కొత్తగా చెక్కడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం ఎస్సై వచ్చాడు. మంచినీళ్లు అడిగి వంటింటి గుమ్మంలో నిలబడి తాగాడు. కాలు ఆయన బూటుకి మూరెడు దూరంలో, వంటచెరుకులో ఉంది.

"మీవాడి చేతికేమైంది?"

"సుత్తి తగిలింది" అన్నాడు నాన్న.

"ఎవరి సుత్తి?"

"నాదే."

ఎస్సై గ్లాసు అమ్మ చేతికిచ్చాడు. "మీ తమ్ముడు ఎవర్నీ పోల్చలేదని రాశాడమ్మా. నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు. మీకు ఏమన్నా తెలిస్తే చెప్పండి. మీ నెత్తురే కదా పోయింది."

"మేం పనిలో ఉన్నాం బాబూ. ఇంకోసారి పోయమంటారా నీళ్లు?" అంది అమ్మ.

ఆ పొద్దు గుంకేలోపు మంచం కాళ్లు అయ్యాయి. తెల్లవారాక, ఎవరో చేయించుకుని ఇంకా పట్టుకుపోని టేబులుకి ఉన్న నాలుగు కాళ్లూ అయ్యాయి. తొమ్మిదిన్నరకి ఐదు బల్లలు తోపుడు బండి మీద బడికి పోయాయి. ఆరోదానికి మూడు కాళ్లే ఉన్నాయి.

"ఒకటి తక్కువ" అన్నాడు నాన్న. ఇంట్లో చెక్క లేదు. కొత్తకాలు చెక్కాలంటే గంటన్నర కావాలి, అంత సమయమూ లేదు. చుట్టూ చూశాడు. వంటింటి వైపు మాత్రం చూడలేదు. అన్న మూలన కూర్చుని ఉన్నాడు. వాడూ చూడలేదు.

అమ్మ అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చింది, తమ్ముడికి గొట్టంతో పాలు పోసి. చేతిసంచీ దించకుండా అక్కడే నిలబడి నాన్న మాట విన్నది. వంటింట్లోకి వెళ్లి కాలు తెచ్చి పని బల్ల మీద పెట్టింది.

"రాత్రే కడిగాను" అంది. "కాస్త ఎండ తగలనీ. తడి మీద చిత్రిక పడితే పీచు లేస్తుంది."

నాన్న కదల్లేదు.

"పట్టు" అంది. "దానికి చదువు పోతే వాడి చెవి తిరిగొస్తుందా?"

పావుగంట ఎండలో పెట్టారు. నాన్న చిత్రిక పట్టాడు, అమ్మ రెండో కొస కదలకుండా రెండు చేతులా నొక్కి పట్టుకుంది. మొదటి పొర గోధుమరంగు. రెండోది లేత. మూడోది చెక్క రంగు. కొసన మాత్రం ఎరుపు లోపలికి దిగిపోయింది, చిత్రికకి రాలేదు. నాన్న రంపం తీసి అరంగుళం కోసేశాడు. ఆ ముక్కని అమ్మ పొయ్యిలో వేసి, అప్పుడు అగ్గిపుల్ల గీసింది.

బల్ల గదిలో దించేసరికి జీపు గేటు దాటింది. మిగతా మూడు కాళ్లూ సమానం చెయ్యడానికి వ్యవధి లేదు. పెద్ద సారు పిల్లల్ని బల్లకి ముగ్గురు చొప్పున సర్దుతున్నాడు. చివరి బల్ల మీదికి నన్ను తోశాడు. కూర్చోగానే బల్ల ఎడమవైపుకి ఒరిగింది. ఊగేది లెక్కలోకి రాదు.

అధికారి పెద్దాయన, బక్కపల్చటి మనిషి కాదు. ఒక్కో బల్ల చేత్తో కుదిపి, సుద్దముక్కతో అంకె వేస్తూ వచ్చాడు. డెబ్బై దాకా వంగి లేచి వంగి లేచి ఆయాసపడ్డాడు. మా దగ్గరికొచ్చి, "కాస్త జరగమ్మా" అని బల్ల మీద కూలబడ్డాడు. ఆయన వంగడం చూసే నేను చెప్పు విడిచి, ఎడమ కాలి బొటనవేలు ఆ పొట్టి కాలి కిందికి తోశాను.

బల్ల ఊగలేదు.

"ఏ తరగతి?"

"పదికి వచ్చానండి."

"ఏం ఇష్టం?"

"లెక్కలు."

"మంచిది" అంటూ జేబులోంచి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, కాగితం మోకాలి మీద పరిచాడు. కూడికలు వేశాడు. ఒకచోట తప్పు వచ్చి కొట్టేసి మళ్లీ వేశాడు. నా గోరు లేవడం, లోపల వెచ్చగా తడవడం తెలుస్తూనే ఉంది. గుమ్మం అవతల కిటికీ పక్కన నాన్న నిలబడి నా కాలి వైపే చూస్తున్నాడు. ముఖంలో రక్తం లేదు.

"డెబ్బై ఒకటి" అని రాసి, సంతకం పెట్టి, ఆయన లేచాడు.

గుట్ట బడికి అప్పటికి తలుపులూ నీళ్లూ సమకూరాయి గానీ నాలుగు బల్లలు తగ్గాయి. మా వాళ్లు విరగ్గొట్టినవే.

జూన్ మొదటి వారంలో ఉత్తర్వు వచ్చింది. కాలవ బడి ఉంటుంది. గుట్ట బడి సిబ్బంది మొత్తం, అటెండరుతో సహా, కాలవ బడికి బదిలీ. ఏ బడి మూసినా ఎవరి ఉద్యోగమూ పోదని మొదటి కాగితంలోనే రెండో పేజీలో రాసి ఉందట. ఊళ్లో రెండో పేజీ తిప్పినవాడు లేడు.

దవడ తీగలు విప్పాక మామయ్య మా ఇంటికి వచ్చాడు. మూతి ఒక పక్కకి ఒంగిపోయింది. అన్న లేచి నిలబడ్డాడు. మామయ్య వాడి కుడి చెయ్యి తీసుకుని, ముడవని రెండు వేళ్లనీ ముడిచి చూశాడు. ముడవలేదు. నాన్న వైపు తిరిగాడు.

"బావా, ఇంత గట్టిగా కొట్టాల్సింది కాదు" అన్నాడు.

అన్న మళ్లీ చిత్రిక పట్టలేదు. నాన్న మళ్లీ ఆ బల్ల జోలికి పోలేదు.

బడి తెరిచిన రోజు గుట్ట పిల్లల్ని పోలీసు వ్యాను ముందు నడుస్తుంటే తీసుకొచ్చారు. మా తరగతిలో బల్లలన్నీ నిండిపోయాయి. కొత్తవాళ్లని పక్కన కూర్చోమని ఎవరూ జరగలేదు. వదిన పుస్తకాలు గుండెకి ఆనించుకుని గుమ్మంలో నిలబడింది. నేను జరిగాను. వచ్చి కూర్చుంది. బల్ల ఒరిగింది.

వదిన వంగి చూసింది. నాలుగు కాళ్లలో మూడు నల్లబడి ఉన్నాయి, ఒకటి తెల్లగా ఉంది. వడ్రంగి మేనకోడలు. చిత్రిక పట్టిన చెక్కని కొత్త చెక్క అనుకునే రకం కాదు. చాలాసేపు వంగే ఉంది.

"కొత్త కాలా?" అంది పైకి లేవకుండానే.

అవునంటే సరిపోయేది.

"పాతదే" అన్నాను. "చిత్రిక పట్టారు."

బయట గంట మోగింది. మామయ్య కొడుతున్నాడు. ఒక్క చెవికి మోత సరిగ్గా అందిందో లేదో ఆయనకి తెలియదు, అందుకని ఎప్పుడూ రెండు దెబ్బలు ఎక్కువ కొట్టేవాడు. ఆ రెండు దెబ్బలూ అయ్యేదాకా వదిన అలాగే ఉంది. తర్వాత తన కొత్త నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టింది, చాలక ఇంకో రెండు పెట్టింది, ఆ కాలి కింద దోపింది. అక్కడే, బల్ల కింద, నా ఎడమ కాలి బొటనవేలు కూడా చూసింది. అప్పటికింకా కొత్త గోరు రాలేదు.

"జరుగు" అంది. "సరిగ్గా కూర్చో. ఇంక ఊగదు."